దొడ్డమడుగు దారిలో ఖాకీ కోటు

ఆ ఆదివారం ఉదయం నిజాముద్దీన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. జీపును ఇంటి ముందు నిలబెట్టి, బిందెలకొద్దీ నీళ్లతో కడిగించి, మదనపల్లె బజారులో వచ్చేపోయేవాళ్లంతా చూసేదాకా దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం. అంతకు మించి దాన్ని ఎక్కడికైనా తీసుకుపోవాలన్న ఆలోచన ఆయనకు లేదు.

యుద్ధం ముగిశాక బెంగుళూరులో మిలిటరీవాళ్లు అక్కర్లేని సామానంతా వేలం వేశారు. చీరల బేళ్ల కోసం వెళ్లిన నిజాముద్దీన్ చీరలు మరిచిపోయి జీపుతో తిరిగొచ్చాడు. జీపుతోపాటు ఒక ఖాకీ కోటు, ఒక దొరటోపీ కూడా వచ్చాయి. డ్రైవరుగా ఫక్రుద్దీన్ దొరికాడు. "బర్మాలో రెండేండ్లు జీపుల్లోనే ఉండాను సాహెబ్" అని అతను చెప్పగానే నిజాముద్దీన్ ఇంకేమీ అడగలేదు.

పక్క అంగడిలో తమలపాకులు అమ్మే ఈశ్వరప్ప జీపు చుట్టూ తిరిగి, చక్రాన్ని కాలితో తన్ని చూశాడు.

"బాగుండాది సాహెబూ. అయితే మన రోడ్లకు ఇది తట్టుకుంటాదా?"

"రోడ్డా!" నిజాముద్దీన్ నవ్వాడు. "దీనికి రోడ్డుతో పనేముండాదప్పా? కొండెక్కతాది, గుట్ట దిగతాది, వంకలో పడితే ఈదుకుంటా పోతాది. రోడ్డు లేకుంటేనే దీనికి కుశాల!"

తలుపు పరదా వెనక ఈ మాట మైమూన్ బీ విన్నది.

మైమూన్ బీ తండ్రి ఫారెస్టు గార్డు. కుప్పం వైపు అడవిలో, దొడ్డమడుగు అనే పెద్ద నీటిమడుగు గట్టున సర్కారు కట్టించిన రాతి ఇంట్లో ఆమె పుట్టింది. పెళ్లై మదనపల్లెకు వచ్చిన నాటినుంచి, ఒక్కసారి ఆ మడుగు చూసి వద్దామని ప్రతి ఏడూ అడుగుతూనే ఉంది. "దారి లేదు" అని నిజాముద్దీన్ ప్రతి ఏడూ చెబుతూనే ఉన్నాడు. ఆయన దృష్టిలో అడవి అంటే చిరుతపులి, చలిజ్వరం, అంగడి మూసుకోవడం.

పరదా పక్కకు జరిగింది.

"సునోజీ, అయితే దొడ్డమడుగుకు పోదాం పదండి."

"అడవిలోనా? దారి లే..." అని నిజాముద్దీన్ ఆగిపోయాడు. ఈశ్వరప్ప ఆకుల కట్ట చంకలో పెట్టుకుని, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అన్నమాట దిగమింగడానికి అది చోటు కాదు.

ఆ దంపతులు ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేవాళ్లు. పోట్లాటకు మాత్రం తెలుగు వాడేవాళ్లు. అందులో ఇద్దరికీ సామెతలు ఎక్కువ తెలుసు. ఆ ఉదయం మైమూన్ బీకి సామెతల అవసరమే రాలేదు. ఆమె లోపలికి వెళ్లి రొట్టెలు, ఉల్లిగడ్డ కారం, నీళ్ల కూజా తెచ్చుకుని జీపు వెనక సీట్లో కూర్చుంది. మధ్యాహ్నానికి మడుగు, సాయంత్రానికి కుప్పంలో తమ్ముడి ఇల్లు, మర్నాడు తిరుగు ప్రయాణం అని తీర్పు చెప్పింది. నిజాముద్దీన్ దుమ్ముకు జడిసి ఖాకీ కోటు తొడుక్కుని, ఎండకు జడిసి దొరటోపీ పెట్టుకుని ముందు సీటెక్కాడు.

ఫక్రుద్దీన్ బండి బాగానే నడిపాడు. పుంగనూరు చేరేదాకా ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. అక్కడ బజారులో ఒక మిఠాయి అంగడి దాటిపోయాక మైమూన్ బీ, "తమ్ముని పిల్లోళ్లకు మిఠాయి తీసుకోవల్ల, కొంచెం ఎనక్కి పోనీ" అన్నది. ఫక్రుద్దీన్ తల ఊపి, బండిని ముందుకే పోనిచ్చాడు. కోనేటి పక్క సందులోంచి, సంత మైదానం మీదుగా, పశువుల దొడ్డి చుట్టూ తిరిగి, చివరికి ఊరంతా ఒక చుట్టు చుట్టి మళ్లీ బజారులోకి వచ్చాడు. ఈసారి కూడా అంగడి దాటిపోయింది. ఇంకో చుట్టు చుట్టాడు.

రెండో చుట్టుకు పుంగనూరువాళ్లు అరుగుల మీదికి వచ్చారు. ఎవరో పెద్ద అధికారి ఊరు తనిఖీ చేస్తున్నాడనుకున్నారు. మిఠాయి అంగడివాడు మూత లేని పళ్లాలన్నిటి మీదా గబగబా బట్టలు కప్పి, చేతులు జోడించి నిలబడ్డాడు. నిజాముద్దీన్‌కు ఇది చాలా నచ్చింది. టోపీ ఎత్తి అందరికీ సలాము చేశాడు.

"ఏమప్పా, ఎనక్కి తిప్పమంటే ఊరంతా తిప్పినావే?" అని ఆయన అడిగితే, "మిలిటరీలో ఇట్లనే సాహెబ్. సుట్టూ సూసుకున్నాకనే ఆగేది" అన్నాడు ఫక్రుద్దీన్. నిజాముద్దీన్ మెచ్చుకోలుగా తల ఆడించాడు.

పలమనేరు దాటి కుప్పం దారిలో చాలా దూరం పోయాక, మైమూన్ బీ సీట్లోంచి లేచి నిలబడింది. రోడ్డు పక్కన ఏనుగు వీపులాంటి రాతిగుండు ఒకటి కనబడింది.

"అదే! ఆ గుండు పక్కనే బండ్లబాట. ఆడ గుండ్లమిట్ట అని పల్లె ఉంటాది. దాన్ని దాటితే మడుగే."

బండ్లబాట ఉంది. అయితే అది ఎద్దులు కూడా ఆలోచించి నడిచే బాట. జీపు గతుకు గతుకుకూ ఎగిరింది. నిజాముద్దీన్ దొరటోపీ ముక్కు మీదికి జారింది. నీళ్ల కూజా పగిలింది. రొట్టెలు ఒకటొకటిగా బయటికి దూకి అడవిపాలయ్యాయి. మైమూన్ బీ మాత్రం చెట్లను పేర్లతో పలకరిస్తూ కూర్చుంది.

గుండ్లమిట్టలో జీపు ఆగేసరికి ఊరంతా ఖాళీ. పొయ్యి మీద కుండ ఉడుకుతోంది, కుండ దగ్గర మనిషి లేడు. కట్టెయ్యని ఎద్దు ఒకటి వీధి మధ్యలో నిలబడి వాళ్లను తేరిపార చూసింది.

కారణం లేకపోలేదు. ఆ కాలంలో సర్కారు లెవీ పేరుతో పల్లెల్లో తిండిగింజలు తీసుకుపోతుండేది. వానలు సరిగ్గా పడని ఏడాది అది. గుండ్లమిట్టవాళ్లు పండిన నాలుగు గింజల్లో సర్కారుకు ఇచ్చింది ఇచ్చి, పై పంట దాకా తినడానికి మిగిలిన రాగుల్ని దాచుకున్నారు. దాచుకున్నది ఎక్కడంటే, దొడ్డమడుగు గట్టు మీద ఎప్పుడో పాడుబడిన గార్డు ఇంట్లో. అడవిలోకి బండి వస్తున్న చప్పుడు వినబడి, ఖాకీ కోటు కూడా కనబడేసరికి, ఊళ్లోవాళ్లంతా తలా ఒక దిక్కు పరుగెత్తారు.

చివరికి ఊరి పెద్ద సిద్దప్ప ఒక గోడ వెనకనుంచి మెల్లగా వచ్చాడు. అతనికి అరవై దాటుంటాయి. మొలకు గోచి, తలకు పాగా, ముఖాన చెమట.

"దండం సామీ. యాడికి పోతాండారు?"

"దొడ్డమడుగుకప్పా" అన్నాడు నిజాముద్దీన్.

సిద్దప్ప బండికి అడ్డంగా జరిగాడు. "ఆడేముండాది సామీ? నీళ్లు దప్ప ఏమీ లేదు."

"ఏమీ లేకపోవడమేంది?" అన్నది మైమూన్ బీ వెనకనుంచి. "ఆడ గార్డు ఇల్లుండాది కదా. దాని లోపలికి పోయి సూడల్లని ఎన్నేండ్లనుంచో అనుకుంటాండాను. అందులో ఏముండాదో నాకు తెలుసప్పా."

సిద్దప్ప, గుట్టు బయటపడిందని, చెప్పింది ఎవరో మాత్రం తెలియడం లేదని అనుకున్నాడు. అయినా పెద్దమనిషి కాబట్టి నిలదొక్కుకున్నాడు. గోడ వెనక నక్కి ఉన్న తన భార్య రెడ్డెమ్మకు వినపడేలా గొంతు పెంచి, "అట్లయితే నేనే దారి సూపిస్తా సామీ! సుట్టుదారి! శానాసేపు పట్టే దారి!" అని అరిచి జీపెక్కాడు.

ఆ మాట అర్థం చేసుకున్న రెడ్డెమ్మ ఊరివాళ్లను పోగుచేసి, అడ్డదారిన మడుగు వైపు పరుగెత్తింది. బండి చేరేలోగా రాగిమూటలు ఇంట్లోంచి తీసి పొదల్లో పడేయాలి.

"ఎంత మంచి మనిషి! పని మానుకుని మనతో వస్తాండాడు" అన్నాడు నిజాముద్దీన్ భార్యతో.

"దారి ఇట్ల కాదు కదా" అన్నది మైమూన్ బీ.

"ఊరోనికంటే నీకెక్కువ తెలుసునా?"

సిద్దప్ప వాళ్లను ఎండిన వంకలోకి దింపాడు. వంకలో ఇసుక, ఇసుకలో గుండ్లు, గుండ్ల మధ్య కంపచెట్లు. ప్రతి మలుపులో అతను "ఇంగ కొంచెమే సామీ" అంటూ ఇంకొంచెం లోపలికి పంపించాడు. చివరికి రెండు పక్కలా నిటారుగా గట్లు, ఎదురుగా ఇంటి కప్పంత బండరాయి. ఇక ముందుకు దారి లేదు. సిద్దప్ప ముఖం మొదటిసారి ప్రశాంతంగా కనబడింది.

"దారి తప్పినట్లుండాది సామీ. ఎనక్కి పోయి మళ్లీ మొదట్నుంచీ రావల్ల."

"సరే. ఎనక్కి తియ్యి ఫక్రుద్దీన్" అన్నాడు నిజాముద్దీన్.

ఫక్రుద్దీన్ కదల్లేదు.

"ఎనక్కి తియ్యమంటాండా."

"సాహెబ్, యుద్ధంలో మనం ఎనక్కి పోలేదు."

"ఇది యుద్ధం కాదు కదప్పా. తియ్యి."

ఫక్రుద్దీన్ స్టీరింగు చక్రం మీద తల ఆనించాడు. "నాకు ఎనక్కి తియ్యను రాదు సాహెబ్. నేను డ్రైవరును కాదు, లాంగరీని. పటాలంలో వంటోన్ని. వంట సామాను జీపులో వస్తాదని జీపులో కూసుండేది. ఒక డ్రైవరు నా పులావు తిని మురిసిపోయి బండి నేర్పిస్తానన్నాడు. ముందుకు పోయేది నేర్పించినాడు. రేపు ఎనక్కి పోయేది నేర్పిస్తా అన్నాడు. తెల్లారేసరికి యుద్ధం అయిపోయింది."

పుంగనూరు చుట్టూ ఎందుకు రెండుసార్లు తిరిగారో నిజాముద్దీన్‌కు అప్పుడు తెలిసింది. మైమూన్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఆమె నవ్వుతోంది.

"అయితే ముందుకే పోవల్ల" అన్నదామె.

"ముందు బండ ఉండాది కదా!"

"కొండెక్కతాదని ఈశ్వరప్పతో అన్నది మీరే కదా."

ఫక్రుద్దీన్ ఖుదాను తలుచుకుని, వెనకటికి డ్రైవరు ముట్టవద్దన్న చిన్న కడ్డీని కూడా గుంజాడు. బండి కింద ఏదో గట్టిగా పట్టుకుంది. జీపు గుర్రుమని, ముందు చక్రాలు బండరాతి మీద మోపి, గోడమీది బల్లిలా పాకడం మొదలుపెట్టింది. ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. సిద్దప్ప నిజాముద్దీన్ మెడను రెండు చేతులతో వాటేసుకున్నాడు. నిజాముద్దీన్ దొరటోపీని వాటేసుకున్నాడు. బండి ఆ పక్కకు దొర్లినట్టే దిగి, గట్టెక్కి, తంగేడు పొదల్ని తొక్కుకుంటూ తిన్నగా పాడుబడ్డ గార్డు ఇంటి పెరట్లోకి దూసుకుపోయి, ఇంటి గోడకు మూరెడు దూరంలో ఆగిపోయింది. ముందు గోడ. ఇరుపక్కలా చింతచెట్లు. వంకగుండా పోయే చుట్టుదారిని జీపు ఇంత తొందరగా ముగిస్తుందని సిద్దప్ప అనుకోలేదు. అసలు ముగిస్తుందనే అనుకోలేదు.

పెరటి నిండా గుండ్లమిట్ట జనం. నెత్తిన రాగిమూటలు. ఎక్కడివాళ్లక్కడ కొయ్యబారిపోయారు.

సిద్దప్ప జీపులోంచి దూకి నిజాముద్దీన్ కాళ్ల మీద పడ్డాడు.

"సామీ! అమ్ముకునేదానికి కాదు సామీ, తినేదానికి దాసుకున్నాం. మీరివి ఎత్తుకుపోతే ఊరంతా ఆకులూ అలములూ తిని బతకల్ల. నన్ను జైల్లో పెట్టండి, గింజలు వదిలెయ్యండి!"

"ఏం గింజలప్పా? నేనెవరనుకుంటాండావు?"

"లెవీ ఆఫీసరు కదా సామీ."

"అరె! మదనపల్లె బజార్లో సీరలమ్ముకునేటోన్ని!"

రెడ్డెమ్మ నెత్తి మీది మూటను దబ్బున కింద పడేసింది.

"సీరలమ్మేటాయన ఈ అడవిలోకి యాలొచ్చినాడు? ఆ కోటేంది, ఆ టోపీ ఏంది?"

"నేను ఈడ పుట్టినా తల్లీ" అన్నది మైమూన్ బీ, జీపు దిగుతూ. "గార్డు మస్తాన్ సాబు బిడ్డను. సూపించమని ఈయన్ను అడిగీ అడిగీ..."

రెడ్డెమ్మ ఆమె గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. "మైమూనూ! సీతాఫలాల కోసం సెట్టెక్కి, దిగను రాక ఏడిస్తివే, ఆ మైమూనేనా?"

"నువ్వు కిందనుంచి నగతాంటివి కదే రెడ్డీ!"

ఆ తరువాత వాళ్లిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఇంటి ముందువైపుకు, నీళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. ఇద్దరి నవ్వులూ, నీళ్ల చప్పుడూ గోడకు ఈ పక్కకు వినవచ్చాయి. నిజాముద్దీన్ కూడా పోదామనుకున్నాడు గానీ ఊరివాళ్లు పోనిస్తేగా! గుండెల మీది బరువు దిగిన సంతోషంలో వాళ్లు ఆయన్ను ఒక రాతి మీద కూర్చోబెట్టి, చుట్టూ మూటలు పేర్చి, అక్కడే పొయ్యి వెలిగించారు. ఫక్రుద్దీన్ చేతికి గరిటె దొరికేసరికి అతని ముఖం వెలిగిపోయింది. కాసేపటికి ఆకులో రాగిసంగటి ముద్ద, నంజుకోవడానికి ఊరిబిండి వచ్చాయి. సంగటిని నమలకుండా మింగాలని పట్నంలో పెరిగిన నిజాముద్దీన్‌కు తెలియదు. పొగలు కక్కే ముద్ద నోట్లో పెట్టుకుని నమలబోయాడు. అది పళ్లకు అంటుకుపోయింది.

సరిగ్గా అప్పుడే అసలు లెవీ ఆఫీసరు వచ్చాడు.

ఆయన కుప్పంనుంచి ఇద్దరు బంట్రోతులతో సైకిళ్ల మీద బయలుదేరిన చిన్న అధికారి. గుండ్లమిట్టలో గింజలున్నాయని చాలాకాలంగా అనుమానం. ఎక్కడున్నాయో మాత్రం తెలియలేదు. దారిలో ఇసుక మీద కొత్తగా పడిన జీపు చక్రాల గుర్తులు చూసి, సైకిళ్లు వంకలో వదిలేసి, వాటి వెంట నడుచుకుంటూ వచ్చాడు. పెరట్లో అడుగుపెట్టగానే ఆయనకు కనబడినవి ఇవి: మిలిటరీ జీపు. ఖాకీ కోటు, దొరటోపీతో రాతి మీద కూర్చున్న బొద్దు మనిషి. ఆయన చుట్టూ కుప్పపోసిన రాగిమూటలు. ఇంకో ముద్ద తినమని చేతులు జోడించి బతిమాలుతున్న ఊరి జనం.

ఆఫీసరు మడమలు దగ్గరికి చేర్చి సెల్యూట్ చేశాడు.

"క్షమించాలి సార్. తమరు స్వయంగా వస్తున్నట్టు మాకు కబురు లేదు."

"ఊఁ" అన్నాడు నిజాముద్దీన్. సంగటి ఆయన్ను అంతకంటే ఎక్కువ మాట్లాడనివ్వలేదు.

"ఈ ధాన్యమంతా తమరే స్వాధీనం చేసుకున్నారన్నమాట."

"ఊఁ... ఊఁ!"

నిజాముద్దీన్ నిజాయితీపరుడు. అందులోనూ పిరికివాడు. సర్కారు మనిషినని నటిస్తే జైలు తప్పదని ఆయనకు తెలుసు. వెంటనే నిజం చెప్పేయాలని నిశ్చయించుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా సంగటిని బలవంతంగా మింగి, "చీరలు..." అన్నాడు. ముద్ద గొంతులో అడ్డం పడింది. మాట అక్కడే ఆగింది. కళ్లు ఎర్రబడ్డాయి.

ఆఫీసరు ముఖం పాలిపోయింది.

"చీరలా సార్?"

"చీ... చీరలు!" అన్నాడు నిజాముద్దీన్ తన రొమ్ము తట్టుకుంటూ.

"అవి నేను అడగలేదు సార్!" ఆఫీసరు చేతులు జోడించాడు. "కంట్రోలు బట్టల అంగడివాడే ఇంటికి పంపించాడు. రెండే సార్. మా ఆవిడ ఒకటి కట్టేసింది కూడా. తమరి దాకా ఈ సంగతి వచ్చిందని నాకు తెలియదు. రేపే తిప్పి పంపించేస్తాను. కట్టింది ఉతికి పంపిస్తాను!"

నిజాముద్దీన్ బిత్తరపోయి చెయ్యి అడ్డంగా ఊపాడు. కాదు, నీకు తెలియదు, నేను చెప్పేది వేరు అని ఆయన భావం. ఒప్పుకోను అని ఆఫీసరుకు అర్థమైంది. సిద్దప్ప అంతా చూస్తున్నాడు. అతనికి మాత్రం బాగానే అర్థమైంది. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, నిజాముద్దీన్ ముందు మరింత వంగి నిలబడ్డాడు. ఊరంతా అతన్ని చూసి వంగింది.

అంతలో మైమూన్ బీ ఇంటి పక్కనుంచి వచ్చింది. చీర కుచ్చిళ్లు మోకాళ్లదాకా తడిసి ఉన్నాయి, చేతిలో తామరపువ్వు ఉంది. ఆమె భర్త ముఖం చూసింది, ఆఫీసరును చూసింది, మూటలను చూసింది, రెడ్డెమ్మ ముఖం చూసింది.

"సునోజీ, ఆయన్ను యాల నిలబెట్టినారు?" అన్నది. "ఏమప్పా ఆఫీసరూ, మా బండి గోడకు ఇరుక్కొనుండాది. నువ్వూ, నీ మనుషులూ కొంచెం ఎనక్కి తొయ్యండి."

పెద్ద శిక్ష ఏదో పడుతుందనుకున్న ఆఫీసరుకు ప్రాణం లేచివచ్చింది. కోటు విప్పి బంట్రోతు చేతిలో పెట్టబోయి, బంట్రోతు కూడా తోయాల్సిందేనని గుర్తొచ్చి, చింతకొమ్మకు తగిలించాడు. ముగ్గురూ జీపు ముందుకు దూరి, గోడకు వీపులు ఆనించి తోశారు. ఫక్రుద్దీన్ గంభీరంగా చక్రం తిప్పుతూ, "ఇంగా... ఇంగా... శభాష్!" అన్నాడు. జీవితంలో మొదటిసారి అతను బండిని వెనక్కి నడిపాడు. పెరడు దాటి, చింతచెట్లు దాటి, బండ్లబాట దాకా తోసి, ఆఫీసరు రొప్పుతూ మళ్లీ సెల్యూట్ చేశాడు.

"ఈ ధాన్యం సంగతి సార్?"

నిజాముద్దీన్ గొంతులో ముద్ద అప్పటికి దిగింది. నిజం చెప్పడానికి ఇప్పుడు ఏ అడ్డమూ లేదు. ఆయన సిద్దప్ప వైపు చూశాడు. రెడ్డెమ్మ చెయ్యి ఇంకా మైమూన్ బీ చేతిలో ఉండటం చూశాడు.

"అది నేను సూసుకుంటా" అన్నాడు.

ఆఫీసరు ఆ మాట పూర్తయ్యేలోపే వంకలో ఉన్నాడు.

కుప్పం వెళ్లేదారిలో మైమూన్ బీ తామరపువ్వు వాడిపోకుండా తడిగుడ్డ చుట్టింది. ఆ తరువాత, "నాకు సముద్రమంత ఉన్నట్లు గుర్తు. అంత లేదు. అయినా బాగుండాది" అన్నది. ఇంకాసేపటికి, భర్త భుజం మీది దుమ్ము దులుపుతూ, "సీరలమ్మేటోడే అయినా మా ఊరికి మంచి అల్లుడే" అన్నది. ఇన్నేళ్లలో ఆమె అంత మెచ్చుకోవడం నిజాముద్దీన్‌కు గుర్తు లేదు. ముందే తీసుకొచ్చి ఉండాల్సిందని ఆయనకు అనిపించింది గానీ, పైకి దగ్గాడు.

మంగళవారం మదనపల్లెలో అంగడి తెరిచీ తెరవకముందే ఈశ్వరప్ప వచ్చి కూర్చున్నాడు. బజారంతా అతని వెనకే వచ్చింది.

"సెప్పు సాహెబూ! పోయినారంట కదా. దొడ్డమడుగు ఎట్లుండాది? ఎంత పెద్దది? సుట్టూ ఏముండాది? అంత దూరం పోయి సూసొచ్చినోనివి, వివరంగా సెప్పల్ల!"

నిజాముద్దీన్ గుర్తు తెచ్చుకోబోయాడు. గోడ గుర్తొచ్చింది. మూటలు గుర్తొచ్చాయి. ఆఫీసరు చొక్కా గుండీలు, సంగటి ముద్ద గుర్తొచ్చాయి. వచ్చినప్పటినుంచీ బయలుదేరేదాకా ఆ ఇంటి వెనకే కూర్చున్నానని, ముందువైపుకు ఒక్క అడుగు కూడా వేయలేదని ఆయనకు అప్పుడు తోచింది.

"నీళ్లుండాయప్పా" అన్నాడు, చాలాసేపు ఆలోచించి.